కాలువకు ఇటు బడి, అటు బడి

మార్చి 4

అమ్మాయీ,

ఇవాళ రెండు హైస్కూళ్ళ గేట్లకీ ఒకే నోటీసు అంటించారు. తొమ్మిదో తరగతిలో చేరే పిల్లల కాగితాలు ఏప్రిల్ ముప్పైలోగా ఇవ్వాలి, తర్వాత తెచ్చినవి తీసుకోరు. అందుకే ఈ ఉత్తరం. ఫోన్లో చెప్పవచ్చు కదా అంటావు. ఫోన్లో మనిద్దరం "భోంచేశారా", "చేశాం", "ఉడత పడుకుందా", "పడుకుంది" అనుకుని పెట్టేస్తున్నాం. నిన్న ఆ నాలుగు మాటలూ అయిపోయాక నువ్వూ ఊరుకున్నావు, నేనూ ఊరుకున్నాను. లైను దానంతట అదే తెగిపోయింది. ఇది అలా తేలే విషయం కాదు.

నోటీసులో ఉన్న నిబంధన ఇది. కాలువ రోడ్డుకి ఇటువైపు ఇళ్ళ పిల్లలు గుట్ట మీది హైస్కూల్లో చేరాలి. అటువైపు వాళ్ళు షెడ్డు బడిలో చేరాలి. రెండూ ప్రభుత్వానివే. రెండోదానికి బోర్డు మీద మంచి పేరే ఉంది గానీ, నూలు మిల్లు గోడౌన్లో మొదలుపెట్టారు కనుక దాన్ని అందరూ షెడ్డు బడే అంటారు. పిల్ల ఎవరి దగ్గర ఉంటే వాళ్ళ ఇంటి చిరునామా లెక్కలోకి వస్తుంది. ఎనిమిదో తరగతి దాకా రెండు వైపులకీ ఒకటే బడి కనుక మనకి ఇన్నాళ్ళూ ఈ పేచీ రాలేదు.

నా ఇల్లు ఇటు. మీరు అద్దెకున్న ఇల్లు అటు. మా అబ్బాయి పోయాక నువ్వు ఆసుపత్రి ట్రైనింగు కోసం జనవరిలో బయల్దేరావు, అప్పటినుంచి నీ కూతురు నా దగ్గర ఉంది, మీ ఇంటికి తాళం ఉంది. కాబట్టి ఏ బడి అని తేల్చడమంటే, పిల్ల ఇకమీదట నా ఇంట్లో పెరుగుతుందా, నీ ఇంట్లో పెరుగుతుందా అని తేల్చడమే. చుట్టుతిప్పి రాయడం నాకు రాదు.

పిల్లని అడిగాను. "ఏదైనా పర్లేదు నానమ్మా" అంది. ఈ మధ్య అన్నిటికీ అదే మాట. ఉడత అని వాడు పెట్టిన పేరుకి పలుకుతోంది గానీ, పరుగెత్తడం మానేసింది. చదువుకుంటోంది. మార్కులు తగ్గలేదు. తింటోంది.

బల్ల మీద వాడు విప్పిన రేడియో అలాగే ఉంది. మరలు డబ్బా మూతలో ఉన్నాయి. మేం బల్లకి మిగిలిన సగంలో భోంచేస్తున్నాం. తీయమని ఎవరూ అనలేదు, నాకు తీయాలనీ అనిపించలేదు.

రెండు బళ్ళూ నేనే వెళ్ళి చూస్తాను. చూసినదంతా రాస్తాను. ఏది నాకు ఇష్టమో మాత్రం రాయను. బళ్ళ తనిఖీ ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ అదే పద్ధతి పాటించాను: చూసింది రాయాలి, కోరుకున్నది రాయకూడదు. నిర్ణయం తల్లివి నువ్వు చేయాలి.

మీ అత్తయ్య


మార్చి 11

అత్తయ్యగారికి నమస్కారాలు.

ఉత్తరం అందింది. ఇక్కడ అంతా బాగానే ఉంది. హాస్టల్ గదిలో ముగ్గురం. కిటికీ తెరిస్తే ఆసుపత్రి లాండ్రీ ఆవిరి లోపలికొస్తుంది, అందుకని మూసే ఉంచుతాం.

పని అలవాటవుతోంది. రక్తం శుద్ధి చేసే మిషన్ల దగ్గర మమ్మల్ని ఇద్దరిద్దరిగా నిలబెడతారు. రోగి నాలుగు గంటలు కుర్చీలో ఉంటాడు. మిషన్ మోగితే లేవాలి, గొట్టం మెలిక పడిందేమో చూడాలి, బటన్ నొక్కాలి, మళ్ళీ కూర్చోవాలి. నాకిప్పుడు అదే బతుకు. మోగితే లేస్తాను, మోగకపోతే కూర్చుంటాను. సీనియర్ సిస్టర్‌కి నా మీద మంచి అభిప్రాయమే ఉంది. కంగారు పడదు అంటుందట.

వారానికి మూడుసార్లు ఒక ముసలి టైలర్ వస్తాడు. మొన్న నా కోటు అంచు పట్టుకుని, "ఎవరమ్మా ఇది కుట్టింది? నీ మీదేమైనా పగా?" అన్నాడు. వార్డంతా నవ్వింది. నేనూ నవ్వాను. కాస్సేపటికి తెలిసింది, నవ్వానని. తర్వాత ఎందుకో చాలాసేపు బాగా అనిపించలేదు.

కోర్సు జూన్‌లో అయిపోతుంది. ఉద్యోగం ఎక్కడ కావాలో ఏప్రిల్ ఇరవైలోగా రాసివ్వాలి. మన దగ్గర పెద్దాసుపత్రిలో ఒక ఖాళీ ఉంది, గనుల ఊరి ఆసుపత్రిలో ఒకటి ఉంది. గనుల ఊరు ఇక్కడినుంచి రైల్లో ఒక పగలు ప్రయాణం. అక్కడ క్వార్టర్స్ ఇస్తారు. నాకు రెండూ ఒకటే.

మన ఇంటి ఓనరు ఫోన్ చేశాడు. ఇల్లు ఉంచుకుంటారా, వదిలేస్తారా అని. చూసి చెప్తానన్నాను.

మీరు రెండు బళ్ళూ చూడండి. మీకన్నా బాగా చూసేవాళ్ళెవరు? మీరు ఏదంటే అదే.

ఉడతకి జలుబు తగ్గిందా? ఫోన్లో గొంతు మామూలుగానే ఉంది.

మీ కోడలు


మార్చి 19

అమ్మాయీ,

జలుబు తగ్గింది.

సోమవారం గుట్ట హైస్కూలు, బుధవారం షెడ్డు బడి చూశాను. ఉడతని వెంట తీసుకెళ్ళాను. రెండుచోట్లా ముందుగా చెప్పకుండానే వెళ్ళాను, రెండో గంట కొట్టాక వెళ్ళాను. బడి అసలు రూపం రెండో గంట తర్వాత కనిపిస్తుంది.

గుట్ట హైస్కూలు: భవనం బాగుంది. పదో తరగతి ఫలితాలు చాలా బాగున్నాయి. గదులు శుభ్రంగా ఉన్నాయి. లైబ్రరీ ఉంది. ఉపాధ్యాయులందరూ హాజరు. హెడ్మాస్టరు మర్యాదస్తుడు, టీ ఇప్పించాడు. చెప్పుకోదగ్గ లోపం లేదు.

షెడ్డు బడి: దీని గురించి చాలా రాయాలి.

గేటు పక్కన హాజరు బోర్డు ఉంది. తరగతుల వారీగా పిల్లల సంఖ్య రాసి కింద మొత్తం వేశారు. కూడిక తప్పు. బల్ల మీద చాక్‌పీసు కనిపిస్తే తీసుకుని దిద్దుతున్నాను. వెనకనుంచి, "ఎవరండీ మీరు, మా బోర్డు మీద రాస్తున్నారు?" అని గట్టిగా వినిపించింది. హెడ్‌మిస్ట్రెస్. పొట్టి మనిషి, చేతిలో తాళాల గుత్తి.

"ఈ పిల్ల నానమ్మని."

"నానమ్మలు లెక్కలు దిద్దరే!"

"తప్పుంటే దిద్దుతారు."

ఆవిడ బోర్డు చూసింది, పెదాలు కదుపుతూ కూడింది, "సరే, దిద్దండి" అంది. అని అక్కడినుంచి నా వెంటే వచ్చింది. నేను ఏది చూసినా దానికి ఒంటికాలి మీద లేస్తుంది. కుళాయిలు ఎనిమిదింట మూడే వస్తున్నాయి. ఆ మాటంటే, "తెలుసండీ, నేనూ తాగేది అక్కడే" అంది. తొమ్మిదో తరగతి గదికి రేకుల కప్పు. మధ్యాహ్నమయ్యేసరికి పిల్లలు పుస్తకాలతో విసురుకుంటున్నారు. రోడ్డు మీద లారీ వెళితే టీచరు వాక్యం మధ్యలో ఆగి, లారీ పోయాక మిగతా సగం చెబుతోంది. లెక్కల మాస్టారి రాత బోర్డు మీద ఎడమ పైన మొదలై కుడి కింద తేలుతుంది. సైన్సు గదిలో మైక్రోస్కోపు ఒకటే. దానికి దారం కట్టి ఉంది. లాగి చూశాను, పనిచేస్తోంది గానీ దారంతో పనిచేయించడం పద్ధతి కాదు. మరుగుదొడ్లలో ఒక తలుపుకి గడియ లేదు. ఆటస్థలంలో పాత మిల్లు ఇనప దిమ్మ ఒకటి ఉంది, పిల్లలు దాని మీదనుంచి దూకుతున్నారు, కింద ఇసక పోయలేదు. వెనక బెంచీల పిల్లలు పాఠం మధ్యలో లేచి ప్రశ్నలడుగుతున్నారు. ఒకడైతే మాస్టారికే ఎదురు చెప్పాడు. క్రమశిక్షణ వదులు. లైబ్రరీ అనేది ఒక బీరువా. పుస్తకాల అట్టలు ఊడిపోయి ఉన్నాయి, కారణం అడిగితే "చదువుతున్నారండీ, ఏం చేయమంటారు" అంది ఆవిడ.

బెంచీ కింద వంగి మేకులు చూస్తుంటే నాకు మోకాలు పట్టేసింది. ఆవిడే పట్టి లేపింది. లేపుతూ, "మీరు తనిఖీ చేసేవారా?" అంది. చేసేదాన్నన్నాను. "అదీ, అనుకున్నాను. ఇవన్నీ రాసివ్వండి, పైకి పంపుతాను. మేం రాస్తే చదవట్లేదు."

తర్వాత ఉడత వైపు తిరిగి, "నీకేం ఇష్టమే?" అంది. ఉడత, "ఏదైనా పర్లేదండీ" అంది. "అది జవాబు కాదు" అంది ఆవిడ. ఉడత తలెత్తి చూసింది. 

మిగతా లోపాలు విడిగా ఒక కాగితం మీద రాసి దీంతో జతచేశాను. మొత్తం నాలుగు పేజీలయ్యాయి.

నా ఆరోగ్యం బాగుంది. నువ్వు వెళ్ళేముందు ఇక్కడి బట్టల బీరువా బాగానే సర్దావు. నీ పని నువ్వు బాగా చేసుకుంటున్నావని తెలిసింది. సంతోషం.

మీ అత్తయ్య


మార్చి 28

అత్తయ్యగారికి నమస్కారాలు.

అంత శ్రమ తీసుకున్నందుకు ఏమని చెప్పాలో తెలియడం లేదు. మోకాలికి కాపడం పెట్టుకోండి.

ఉత్తరం చదివాను. విషయం అర్థమైంది. గుట్ట బడిలో ఒక్క లోపం లేదు. షెడ్డు బడిలో లోపం కానిది లేదు. మీరు ఇష్టం రాయనన్నారు గానీ, రాయకపోయినా తెలుస్తూనే ఉంది. ఉడత గుట్ట బడిలోనే చేరుతుంది. మీ దగ్గరే ఉంటుంది. నా దగ్గర ఉంటే, డ్యూటీలు మారినప్పుడల్లా దానికి నేను తాళంచెవి ఇచ్చి వెళ్ళడమేగా. మీ దగ్గర ఉంటే వేళకి అన్నీ అమరుతాయి. మీరనుకున్నది న్యాయమే.

ఇంటి ఓనరుకి వదిలేస్తున్నామని చెప్పేశాను. ఈ నెలాఖరుకి సామాను తీయించాలి. తమ్ముణ్ణి పంపుతాను, మీరు తాళంచెవి ఇస్తే చాలు. పెద్ద సామాను మీ వెనక గదిలో పెట్టించండి. అడ్డమైతే అమ్మేయండి.

ఇంక అక్కడ నాకు వేరే ఇల్లు లేదు కనుక గనుల ఊరికే రాసిచ్చాను. క్వార్టర్స్ ఉంటాయి. ఇరవై దాకా మార్చుకోవచ్చట గానీ మార్చడానికేముంది?

ఒక మాట రాయాలా వద్దా అనుకుంటున్నాను. బీరువా బాగానే సర్దానన్నారు. పదిహేనేళ్ళలో నేను సర్దిన బీరువా మీరు మళ్ళీ సర్దకుండా ఉన్నది లేదు. ఆయన పోయినప్పటినుంచి మీరు నన్ను ఏమీ అనడం లేదు. అన్నీ బాగానే ఉన్నాయంటున్నారు. నాకు చుట్టాలింట్లో ఉన్నట్టుంది. రాశాను కనుక ఉంచేస్తున్నాను.

టైలర్ రావడం లేదు. అడిగితే సిస్టర్ చార్టు తిప్పి చూపించింది. ఆ కుర్చీలో ఇప్పుడు వేరే ఆయన కూర్చుంటున్నాడు.

మీ కోడలు


ఏప్రిల్ 5

అమ్మాయీ,

నీ ఉత్తరం అందింది. నువ్వు చేసింది సబబుగానే ఉంది. నీకు ఈ ఊరికి దూరంగా ఉండాలనిపించడం సహజం. నేను అడ్డు చెప్పను.

మీ తమ్ముడు వచ్చి సామాను తెచ్చాడు. వెనక గదిలో పట్టింది. మంచం విప్పి గోడకి ఆనించాం. ఉడత తన పెట్టె తనే సర్దుకుంది. ఆ పెట్టె నా ఇంటికి వచ్చి నాలుగు రోజులైంది, ఇంకా తాడు విప్పలేదు. విప్పమంటే, "ఏదైనా కావాలంటే విప్పుతాలే నానమ్మా" అంటోంది.

గుట్ట హైస్కూలు కాగితం తెచ్చాను. వచ్చే వారం ఇస్తాను.

గనుల ఊరు మంచిదే అంటారు.

అత్తయ్య


ఏప్రిల్ 12

అత్తయ్యగారికి,

మీ ఉత్తరం నిన్న డ్యూటీ మధ్యలో ఇచ్చారు. కవరు పట్టుకుంటేనే తెలిసింది లోపల ఒకే కాగితమని. మిషన్ పక్కనే నిలబడి చదివాను. మోగింది. లేవలేదు. అంటే నిలబడే ఉన్నాను, కానీ కదల్లేదు. పక్కమ్మాయి వచ్చి నొక్కింది. సీనియర్ సిస్టర్ ఇన్నాళ్ళకి నన్ను తిట్టింది. "ఏమ్మా, నిద్రపోతున్నావా, ప్రాణాలు గొట్టాల్లో ఉన్నాయి!" అంది. ఆ తిట్టు తింటుంటే మీ అబ్బాయి మాట గుర్తొచ్చింది.

పెళ్ళైన కొత్తలో నేను మీ మాటలకి ఏడుస్తుంటే ఆయన ఒకసారి చెప్పారు. "అమ్మ నాలుగు పేజీలు తప్పులు రాసిందంటే ఆ బడి బాగుపడుతుందని నమ్మినట్టు. బాగుంది, బాగుంది అని ఆరు లైన్లలో ముగించిందంటే ఆ బడి మీద నీళ్ళొదిలేసినట్టు. హెడ్మాస్టర్లకి ఈ సంగతి తెలుసు. బాగుంది అని రాస్తే వాళ్ళు భయపడేవాళ్ళు. నిన్ను తిడుతోందంటే నువ్వు పాసయ్యావు" అన్నారు.

గదికి వచ్చి మీ పాత ఉత్తరం తీశాను. గుట్ట బడికి ఆరు లైన్లు. షెడ్డు బడికి నాలుగు పేజీలు. చదివినప్పుడు నాకిది తట్టలేదు. నాకీ మధ్య ఏదీ తట్టడం లేదు. ఎవరేం రాస్తే అది పైకి కనిపించినట్టే చదువుతున్నాను.

అయితే మీరు అప్పుడు చెప్పింది షెడ్డు బడి గురించా? పిల్ల నా ఇంటివైపు ఉండాలనా? మరి నేను గుట్ట బడి అంటే సబబుగానే ఉందని ఎందుకు రాశారు? ఇల్లు పోయింది. గనుల ఊరికి రాసిచ్చేశాను. మీరు ఒక్క మాట "కాదు" అని ఉంటే?

"నేను అడ్డు చెప్పను" అన్నారు. మీరు! నా చేతి గరిటకి కూడా అడ్డు చెప్పిన మనిషి.

కోపంగా రాస్తున్నాను. ఏమనుకోకండి అని రాయడం లేదు, అనుకోండి. ఒక్కటే అడుగుతున్నాను. సబబుగానే ఉంది, సంతోషం, అడ్డు చెప్పను. ఇవన్నీ నా గురించి రాశారు. మీ లెక్కలో నేను గుట్ట బడినా, షెడ్డు బడినా?

మీ కోడలు


ఏప్రిల్ 16

అమ్మాయీ,

నీ ఉత్తరం నిన్న వచ్చింది. దీన్ని పక్కింటి బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను. రేపే నీ ఆసుపత్రి గేటు దగ్గర ఇస్తాడు. పోస్టుని నమ్మే వ్యవధి లేదు.

ముందు జరిగింది రాస్తాను. నీ ఉత్తరం రావడానికి ముందురోజు ఉడతని తీసుకుని గుట్ట హైస్కూలుకి వెళ్ళాను. ఆఫీసు గదిలో లైను ఉంది. మా వంతు వచ్చింది. గుమాస్తా కాగితం చూసి, "పిల్ల ఎవరి దగ్గర ఉంటుందండీ?" అన్నాడు.

"నా దగ్గర."

"శాశ్వతంగానా?"

"అలాగే రాయండి" అన్నాను.

ఉడత నా కొంగు పట్టి లాగింది. "నానమ్మా, అమ్మని అడిగావా?"

"మీ అమ్మే రాసింది."

"నువ్వు రాస్తే కదా అమ్మ రాసింది?"

"నిన్నూ అడిగాం కదే. ఏదైనా పర్లేదన్నావు."

"మీరిద్దరూ అంటున్నదీ అదేగా! మీరంటే మర్యాదా, నేనంటే జవాబు కాదా?"

వెనక ఎవరో గొంతు సవరించారు. గుమాస్తా, "అమ్మా, వెనక లైనుంది" అన్నాడు. దానికి ఉడత, "ఒక్క నిమిషం అంకుల్. మా ఇంట్లో నాన్న పోయాక ఇదే మొదటిసారి పోట్లాడుకోవడం" అంది. ఆయన పెన్ను కింద పెట్టి, "కానివ్వండి" అన్నాడు.

 ఉడతే ఇంకా చెప్పింది. "ఇక్కడ నా పేరు రాస్తే అమ్మ వచ్చినా చుట్టంలా వస్తుంది. సంచి గుమ్మం దగ్గరే పెట్టి కుర్చీ అంచున కూర్చుంటుంది. నువ్వు మంచినీళ్ళిస్తావు. ఇద్దరూ బాగున్నాం అంటే బాగున్నాం అనుకుంటారు. మధ్యలో నన్ను ఒకళ్ళకొకళ్ళు వడ్డించుకుంటున్నారు, ఇంకాస్త వేసుకోండి, వద్దు మీరే వేసుకోండి అని. నాకు షెడ్డు బడి కావాలి. కుళాయిలు రాకపోతే సీసా తెచ్చుకుంటాను."

"అక్కడ ఏం బాగుందే?" అన్నాను. నిజంగా తెలుసుకోవాలనే అడిగాను.

"ఆ హెడ్‌మిస్ట్రెస్ నిన్ను తిట్టింది. నువ్వు ఆవిడని తిట్టావు. దారిలో నువ్వు ఇంటిదాకా గొణుక్కుంటూనే వచ్చావు. నాకు ఆ రోజు బాగుంది" అంది. అని ఏడ్చింది. వాడు పోయినప్పుడు ఏడవలేదు, నీకు తెలుసు. గుట్ట హైస్కూలు ఆఫీసులో, లైన్లో అందరిముందూ ఏడ్చింది.  వాళ్ళంతా మర్యాదస్తులు కదా, గోడలు చూశారు. గుమాస్తా కాగితం మర్యాదగా తిరిగిచ్చాడు. ఆ బడిలో రెండుసార్లు అడుగుపెట్టాం, ఒక్కరూ పిల్ల పేరు అడగలేదు.

ఇంటికి వచ్చి పెట్టె తాడు కోసింది. విప్పలేదు, కత్తెరతో కోసింది. మంచి తాడు.

ఇప్పుడు నీ ప్రశ్న. నువ్వు షెడ్డు బడివే. ఇంతకంటే స్పష్టంగా రాయడం నాకు రాదు. పదిహేనేళ్ళుగా నా ఇంటి కోడలివి, ఇది అడిగి తెలుసుకోవలసిన సంగతా? నేను పద్ధతి ప్రకారమే రాశాను. చదివేవాళ్ళు చదవాలి.

సబబుగానే ఉందని ఎందుకు రాశానంటావా. వాడు పోయినప్పటినుంచి, పది నెలలుగా, నాకు ఎవరి తప్పూ కనిపించడం లేదు. పాలు పొంగినా, పనిమనిషి రాకపోయినా సరేలే అనుకుంటున్నాను. నువ్వు ఇల్లు వదిలేశానని రాస్తే అదీ సరేలే అనిపించింది. నీకు మేం బరువైపోయామనుకున్నాను. కాదని గట్టిగా అనడానికి ఓపిక ఉండాలి, అది లేదు. ఇంకా పూర్తిగా రాలేదు. హాజరు బోర్డు దగ్గర కాస్త వచ్చింది, మళ్ళీ పోయింది. గుట్ట బడి ఆఫీసునుంచి వచ్చాక కొంచెం ఉంది. ఉన్నంతలో నీ తప్పులు రాస్తున్నాను.

నన్ను అడగకుండా ఇల్లు వదిలేశావు. ఒక ఉత్తరం చదివి ముగ్గురి బతుకు తేల్చేశావు. తమ్ముణ్ణి పంపావు, నువ్వు రాలేదు. సామాను అమ్మేయమన్నావు, ఆ మంచం వాడూ నువ్వూ మూడు వారాలు తిరిగి కొన్నది. ముసలాయన హాస్యమాడితే నవ్వి, ఆ నవ్వుకి నాకు సంజాయిషీ రాశావు. ఆయన పోతే ఒక్క వాక్యంలో రాసి సంతకం పెట్టావు. మిషన్ మోగితే కదలకుండా నిలబడ్డావు, అది అన్నిటికంటే పెద్ద తప్పు. ఆ సిస్టర్ ఎవరో గాని మంచి మనిషి. ఇంక ఆ బీరువా. అది ఘోరంగా సర్దావు. దుప్పట్ల కింద తువ్వాళ్ళు పెట్టావు. నిన్న సాయంత్రం మొత్తం దించి సర్దాను. ఉడత పక్కన కూర్చుని నీ తరఫున వాదించింది.

మీ పాత ఇంట్లో అప్పుడే వేరేవాళ్ళు దిగారు. ఓనరుని అడిగాను, కుదరదన్నాడు. ఇవాళ ఉదయంనుంచి కాలువకి అటువైపు వీధులన్నీ తిరిగాం. సైకిల్ రిపేరు షాపు మీద రెండు గదులు దొరికాయి. వంటిల్లు ఇరుకు. మెట్లు నిటారు. కింద రోజంతా ట్యూబులకి గాలి కొడుతుంటారు. కిటికీలోంచి షెడ్డు బడి రేకులు కనిపిస్తాయి. ఓనరమ్మ "ఎవరి పేరు మీద రాయమంటారు?" అంటే ఉడత నాకంటే ముందు నీ పేరు చెప్పింది. నా ఇంటికి తాళం వేసి నేనూ అక్కడికే వస్తున్నాను. కాలువకి అటువైపు నేనెప్పుడూ ఉండలేదు. మోకాళ్ళ సంగతి అడగకు.

ఇకమీదట జరగవలసినవి:

1. ఇది చదివిన వెంటనే ఆఫీసుకి వెళ్ళి గనుల ఊరి కాగితం వెనక్కి అడుగు. ఇరవై దాకా మార్చుకోవచ్చని నువ్వే రాశావు. మన పెద్దాసుపత్రి రాసివ్వు. రాసినట్టు రసీదు తీసుకో.

2. వాళ్ళు ఒప్పుకోకపోతే గనుల ఊరే వెళ్ళు, ఉద్యోగం మానకు. అప్పుడూ ఈ గదులు నీవే. సెలవుకి వచ్చినప్పుడు నా ఇంటికి రావు, నీ ఇంటికి వస్తావు. నీ ఇంట్లో నేనుంటాను.

3. అద్దె కాగితం దీంతో పంపుతున్నాను. గుర్తు పెట్టినచోట సంతకం చేసి ఇదే డ్రైవరు చేతికివ్వు. ముందు చదువు. రెండో పేజీలో నీటి సంగతి ఓనరమ్మ తప్పు రాసింది, దిద్దించాను.

4. ఆ మంచం ఎవరికీ అమ్మడం లేదు. ఆ మెట్ల మీదనుంచి పైకి చేరదని సైకిల్ షాపతను అంటున్నాడు. చేరుతుంది.

5. కుళాయిల గురించి పైవాళ్ళకి అర్జీ నేను రాస్తాను. ఇవాళ బడికి వెళ్ళి కలిశాం, హెడ్‌మిస్ట్రెస్ సంతకం పెడతానంది. రెండు వాక్యాల దగ్గర మాకు పేచీ ఉంది, సోమవారం తేలుతుంది.

6. వంటింట్లో సామాను నేను సర్దను. గిన్నెలన్నీ నువ్వు వచ్చేదాకా డబ్బాల్లోనే ఉంటాయి.

7. షెడ్డు బడి కాగితంలో ఉడత పేరుకి ఎదురుగా నీ పేరు, సంబంధం తల్లి అని రాశాను. సంతకం చోటు ఖాళీగా ఉంది. నేను చేస్తానంటే హెడ్‌మిస్ట్రెస్ ఒప్పుకోలేదు, తల్లే రావాలంది. ఆఖరి రోజు ముప్పై. ఇరవై తొమ్మిది సాయంత్రం బండికి నువ్వు బయల్దేరుతున్నావు. వీలవుతుందా అని అడగడం లేదు.

మీ అత్తయ్య